సగం పూట దవఖాన

మా దిక్కు మాదిగ వాడలల్ల ముసలోళ్ళు సర్కారు దవఖానను ‘సగం పూట దవఖాన’ అనేటోళ్ళు. ఏదో ఒక ఊరి దవఖాన గురించి అన్న మాట కాదిది. పొద్దుగాల తెరుస్తరు. పన్నెండు దాటంగనే డాక్టరు సారు కుర్చీ ఖాళీ అయితది. మాపటీలి అదే సారు కావాల్నంటే బజార్ల ఆయన సొంత క్లినిక్కు మెట్లెక్కాలె. చిట్టికి పైసలు, సూదికి పైసలు, ఎక్సరేకు పైసలు. పొద్దటి సారు, మాపటి సారు ఒక్కలే. పొద్దుగాల మొకం సూడనోడు మాపటీలి పేరు పెట్టి పిలుస్తడు.

మిగతా జబ్బుల సంగతి పక్కకు పెడుదాం. మోకాళ్ళ నొప్పి సగం పూట ఆగుతది. అంటురోగం ఆగదు. గత్తర, మశూచి, మలేరియా, క్షయ, మొన్నటి కరోనా, ఇవేవీ ఓపీ టైము చూసుకొని రావు. అయినా ఈ దేశంలో పేదోళ్ళ అంటురోగాలకు ఎక్కువగా సగం పూట వైద్యమే దక్కింది. ఎందుకట్లయింది? అంటురోగం ఎక్కువ ఎవలకు వస్తది, ఆ రోగి పీనుగును ఎవలు మోస్తరు, ఆ వార్డును ఎవలు కడుగుతరు అని అడిగితే జవాబు దొరుకుతది. నేను సుల్తానాబాద్ దిక్కు సర్కారు బడిలో సోషల్ చెప్పే పంతులును. మా ఇంట్ల డిగ్రీ చదివిన మొదటోణ్ణి. పుస్తకాలల్ల చదివిన చరిత్రను, మా వాడల విన్న చరిత్రను పక్కపక్కన పెట్టి చూస్తే కనబడ్డ సంగతులు ఇక్కడ రాస్తున్న.

హైదరాబాద్ చరిత్ర ఎవరు చెప్పినా చార్మినార్ దగ్గర మొదలుపెడ్తరు. 1591ల మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిండు. మహమ్మారి తగ్గినందుకు గుర్తుగా కట్టించిండని జనం చెప్పుకునే కథ. లష్కర్ బోనాలకు కూడా ఒక కథ ఉన్నది. 1813ల పట్నంల గత్తర లేస్తే ఉజ్జయినిల ఉన్న సికింద్రాబాద్ సిపాయిలు మొక్కుకున్నరని, తగ్గినంక 1815ల అమ్మవారిని తెచ్చి నిలబెట్టిండ్రని అంటరు. రెండు కథలల్లనూ కట్టించినోడున్నడు, మొక్కినోడున్నడు. చచ్చిపోయినోళ్ళను మోసినోళ్ళు లేరు. గుంతలు తవ్వినోళ్ళు లేరు.

వాళ్ళు ఎవలో మా తాత చెప్పిండు. నిజాం కాలంల ఊర్లె గత్తర లేసినప్పుడు మొదలు పిలుపు మా వాడకే వచ్చేదట. డప్పు కొట్టి ఊరంత చాటాలె. ఊరి పొలిమేర దాకా పోయి పోచమ్మకు చేసే పనులన్ని చెయ్యాలె. పీనుగులను ఇంట్లోళ్ళు సుత ముట్టకపోతే మనోళ్ళే గొంగట్ల చుట్టి ఎత్తుకపోవాలె. “రొండు దినాలు మోసిన బిడ్డా, మూడో దినం మోసేటోనికే పట్టుకున్నది” అనేటోడు తాత. మోసేటోడు అంటే ఆయన సొంత చిన్నాయన. ఆ చిన్నాయనను మోసింది కూడా మా వాడోళ్ళే. మామూలు దినాలల్ల మనల్ని ముట్టుకుంటే మైల. గత్తర దినాలల్ల మాత్రం వాళ్ళ పీనుగు మన భుజం మీద ఉంటే మైల కాదు. గత్తర అనే మాట ఇప్పటికీ మా దిక్కు తిట్టులోనే మిగిలింది. ‘నీకు గత్తర రాను’ అని ఆడోళ్ళు తిడుతుంటే ఆ మాటెనుక ఎన్ని పీనుగులున్నయో ఇప్పటి పిల్లలకు తెలువదు.

ఇగ సర్కారు వైద్యం సంగతి. మలేరియా దోమతోని వస్తదని కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లనే, బేగంపేటల. 1897 ఆగస్టు 20 నాడు రోనాల్డ్ రాస్ దోమ కడుపుల మలేరియా క్రిమిని చూసిండు. 1902ల ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ఇది ప్రతి పిల్లగాని పుస్తకంల ఉంటది. రాస్ అసలు నౌకరి ఏంది? ఇంగ్లీషు సర్కారు మద్రాసు పల్టన్లకు డాక్టరు. అంటే సిపాయిలకు వైద్యం చేసుడు ఆయన నౌకరి, దోమలను కోసి చూసుడు నౌకరి కాంగ మిగిలిన టైముల చేసిన పని. ఈ దేశంల జరంతోని లెక్కలేనంత మంది సచ్చిపోతుంటే ఆ జరం మీద పరిశోధనకు సర్కారు అప్పటికి పెట్టింది ఒక పల్టన్ డాక్టరు ఖాళీ టైము. పల్టను బాగుంటే రాజ్యం బాగుంటదని సర్కారు లెక్క. పల్లె ఆ లెక్కలకు రాలేదు.

ఆ కథల ఇంకొక మనిషి ఉన్నడు. హుసేన్ ఖాన్. జరంతోని ఉన్న రోగి. రాస్ పెంచిన దోమలను ఆయన మీద వదిలి కుట్టిచ్చిండు. ఒక్కో దోమకు ఒక్క అణా ఇచ్చిండు. ఆ నెత్తురు తాగిన దోమలల్లనే రాస్‌కు క్రిమి కనబడ్డది. మా బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఈ సంగతి చెప్తే ఒక పిల్ల లేచి అడిగింది, “సార్, నోబెల్ పైసలల్ల ఆయనకెన్ని ఇచ్చిండ్రు?” అని. నేను ఎన్ని ట్రైనింగులకు పోయినా ఏ రిసోర్స్ పర్సన్ ఇంత సక్కటి ప్రశ్న అడగలేదు.

అదే 1897ల ఇంకో రెండు సంగతులు జరిగినయి. అప్పుడు బొంబాయి, పూనా దిక్కు ప్లేగు నడుస్తుండె. ఫిబ్రవరిల ఇంగ్లీషు సర్కారు అంటురోగాల చట్టం తెచ్చింది. ఇండ్లల్ల జొరబడి సోదా చేసే అధికారం, మనుషులను పట్టుకపోయి వేరే ఉంచే అధికారం సర్కారుకు వచ్చింది. రోగికి డాక్టరును చూపే బాధ్యత మాత్రం అండ్ల లేదు. 2020ల కరోనాకు కూడా మన దేశం తీసింది ఆ పాత చట్టాన్నే.

రెండో సంగతి సావిత్రిబాయి ఫూలేది. పూనా దగ్గర ఆమె పెంచుకున్న కొడుకు డాక్టర్ యశ్వంత్ ప్లేగు రోగులకు దవఖాన పెట్టిండు. అరవై అయిదు దాటిన ముసలామె సావిత్రిబాయి ఆ దవఖానకు రోగులను తెచ్చే పనిల దిగింది. ముంఢ్వా దగ్గర మహర్ వాడల ప్లేగు తగిలిన పిల్లగాణ్ణి వీపు మీద వేసుకొని మోసుకొచ్చిందని చెప్తరు. ఆ ప్లేగే ఆమెకు అంటుకున్నది. 1897 మార్చి 10 నాడు సచ్చిపోయింది. ఆమె పంతులమ్మ. బడి పెట్టినందుకు పేడ, మట్టి మీద వేయించుకున్న పంతులమ్మ. ఆమె ఎట్ల బతికిందో మనం చెప్పుకుంటం, ఎట్ల సచ్చిపోయిందో తక్కువ చెప్పుకుంటం. డాక్టరు దగ్గరికి రోగి వచ్చుడు కాదు, రోగి వాడకు దవఖాన పోవాలె అని ఆమె తన పానంతోని చూపెట్టింది.

మన పట్నంల నల్లకుంట ఫీవర్ దవఖానను జనం ‘కోరంటి దవఖాన’ అంటరు. ఇప్పుడు దాని పెద్ద పేరు సర్ రోనాల్డ్ రాస్ అంటువ్యాధుల సంస్థ. కోరంటి అంటే క్వారంటైన్. ఆ ఇంగ్లీషు మాట మూలం ఇటలీ దిక్కు ‘నలభై’ అనే మాట. ప్లేగు కాలంల ఓడలను నలభై దినాలు రేవు బయట ఆపేటోళ్ళట. ఈ సంగతి చదివినప్పుడు నాకు మా వాడ యాదికి వచ్చింది. ఓడకు నలభై దినాలు. మాకు ఎన్ని వేల ఏండ్లు? ఊరికి అవతల, చెరువు కింద, మా మీది గాలి ఊరి మీదికి పోని దిక్కు చూసి పెట్టిండ్రు. రోగం ఉన్నోణ్ణి తగ్గేదాకా దూరం పెట్టుడు వైద్యం. రోగం లేనోణ్ణి పుట్టిన కాన్నుంచి దూరం పెట్టుడు కులం. 2020ల ‘సామాజిక దూరం’ పాటించుమని పొద్దుమాపు టీవీలల్ల చెప్తుంటే మా వాడ ముసలోళ్ళు నవ్విండ్రు. “గది మాకు కొత్తనా” అన్నరు.

సగం డాక్టరు అంటే టైము ఒక్కటే కాదు. ముట్టుకునే తీరుల కూడా సగం ఉంటది. అంబేద్కర్ రాసిన ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ల ఒక పంతులు కథున్నది. 1929 నాటిది. కాఠియావాడ్‌ల ఒక దళిత పంతులు. భార్యకు కాన్పు అయినంక విరేచనాలు, దమ్ము పట్టుకున్నయి. డాక్టరును బతిమిలాడితే వాడలకు రానన్నడు, వాడ బయటికి తెస్తే సూస్తనన్నడు. ఊరి పెద్దను నడుమ పెట్టుకొని, రెండు రూపాయలు ఫీజు కడితే వచ్చిండు. థర్మామీటర్‌ను ఒక ముస్లిం మనిషి చేతికిచ్చిండు. ఆయన పంతులుకిచ్చిండు. పంతులు భార్యకు పెట్టిండు. మళ్ళ అదే వరుసల థర్మామీటర్ వెనక్కి పోయింది. దీపం ఎలుగుల దాన్ని చూసి నిమోనియా అన్నడు డాక్టరు. మందు పంపిండు, మళ్ళ రాలేదు. ఆమె సచ్చిపోయింది. ఆ డాక్టరు చదువుల లోపం లేదు. రోగం పేరు సుత దూరంకెంచే చెప్పగలిగిండు. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు. నేనూ పంతులునే కాబట్టి ఆ నాలుగు చేతుల థర్మామీటర్ నాకు నిద్రల కూడా కనబడ్తది.

చెయ్యి ముందుకు వచ్చిన డాక్టర్లు లేరని కాదు. మా ఉత్తర తెలంగాణలనే నిజామాబాద్ దిక్కు డిచ్‌పల్లి ఉన్నది. ఇసబెల్ కెర్ అనే స్కాట్లాండ్ మెథడిస్టు మిషన్ డాక్టరమ్మ, ఆమె పెనిమిటి జార్జి కెర్ కలిసి 1915ల అక్కడ కుష్టు రోగుల దవఖాన మొదలుపెట్టిండ్రు. నిజామాబాద్ దాత నర్సాగౌడ్ పైసలిచ్చిండు. కుష్టు రోగిని అందరికన్న ఎక్కువ దూరం పెట్టిన కాలమది. అప్పటికి సరైన మందు లేదు. చాల్‌మోగ్రా గింజల నూనెను సూదితోని ఎక్కించుడే వైద్యం. ఆ రోగుల నడుమనే ఆమె పని చేసింది. మిషనోళ్ళకు వాళ్ళ మత లెక్కలు ఉన్నయి, దాని మీద వాదన ఉండొచ్చు. నేను చూసేది ఒక్కటే. ఆమె రోగుల దగ్గరే ఉండి నిండు పూట పని చేసింది. కుష్టును పూర్తిగా నయం చేసే మూడు మందుల వైద్యం 1980లల్ల గాని దేశానికి రాలేదు. మందు లేని దినాలల్ల కూడా నిండు పూట డాక్టరు ఉన్నది, మందు వచ్చినంక మనకు సగం పూట డాక్టర్లు మిగిలిండ్రు.

ఇది ఎవలకూ తెలువక జరిగింది కాదు. 1943ల ఇంగ్లీషు సర్కారు జోసెఫ్ భోర్ అధ్యక్షునిగా ఒక కమిటీ వేసింది. 1946ల అది రిపోర్టు ఇచ్చింది. పైసలు లేవన్న కారణంతోని ఎవలకూ వైద్యం అందకుండ పోవద్దు అన్నది దాని మూల సూత్రం. ముందుగాల నలభై వేల జనానికి ఒక ఆరోగ్య కేంద్రం, అండ్ల ఇద్దరు డాక్టర్లు ఉండాల్నన్నది. సర్కారు జీతం తీసుకునే నిండు పూట డాక్టరు ప్రైవేటు ప్రాక్టీసు చెయ్యొద్దని కూడా అన్నది. స్వతంత్రం వచ్చినంక 1952 నుంచి బ్లాకుకొకటి లెక్కన ఆరోగ్య కేంద్రాలు మొదలైనయి. గోడలు లేచినయి. ప్రైవేటు ప్రాక్టీసు మాట మాత్రం ఎనుకకు పడ్డది. ఒక రాష్ట్రంల ఒక తీరు, ఒక సర్కారు ఆపుతే ఇంకో సర్కారు వదిలిపెట్టుడు. తెలంగాణల కొత్తగ నౌకరిల చేరే సర్కారు డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసు చెయ్యొద్దని రూలు వచ్చింది 2022ల. భోర్ కమిటీ చెప్పినంక డెబ్బై ఆరు ఏండ్లకు. అది కూడా కొత్తోళ్ళకు.

నిండు పూట పని చేస్తే ఏమైతదో, వదిలిపెడితే ఏమైతదో మలేరియా లెక్క చెప్తది. 1953కు ముందు దేశంల ఏడాదికి ఏడున్నర కోట్ల మందికి మలేరియా వచ్చేదని, ఎనిమిది లక్షల మంది సచ్చిపోయేటోళ్ళని సర్కారు అంచనా. డీడీటీ కొట్టేటోళ్ళు, ఇల్లిల్లు తిరిగి నెత్తురు చుక్క తీసేటోళ్ళు నిండు పూట తిరిగిండ్రు. 1965 వరకు కేసులు ఒక్క లక్షకు దిగినయి. ఇగ అయిపోయిందనుకొని పట్టు వదిలిండ్రు, దోమ కూడా డీడీటీకి అలవాటు పడ్డది. 1976ల మళ్ళ అరవై నాలుగు లక్షలు. మశూచికి మాత్రం పట్టు వదలలేదు. 1973 నుంచి ఇల్లిల్లు వెతికిండ్రు. 1975ల దేశంల ఆఖరి కేసు. 1980ల లోకంలనే లేదని ప్రకటించిండ్రు. మా తాత చేతి మీద రెండు గుండ్రటి టీకా మచ్చలుండె. సర్కారు మా ఇంటి గడప దాకా నడిచి వచ్చిందనే దానికి మా ఇంట్ల ఉన్న సాక్ష్యం ఆ మచ్చలే.

ఇగ క్షయ. దీని గురించి రాసుడు నాకు కష్టం, రాయకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

క్షయ క్రిమిని రాబర్ట్ కాక్ 1882ల చూపిండు. మందు రాక ముందు పైసలున్న రోగులు శానిటోరియాలకు పోయేటోళ్ళు. మంచి గాలి, పాలు, గుడ్లు, మంచం మీద ఆరాం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి అసొంటియే. కూలి చేసుకునేటోడు ఏడాదిపాటు గుట్ట మీద పండుకుంటే ఇంట్ల పొయ్యి ఎట్ల ఎలుగుతది? దీనికి జవాబు మద్రాసుల దొరికింది. 1956ల అక్కడ మొదలైన కీమోథెరపీ సెంటర్ పేద రోగులను రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు శానిటోరియంల మందు, ఇంకో జట్టుకు ఇంట్లనే మందు. 1959ల ఫలితం అచ్చయింది. ఇంట్ల, ఇరుకు గుడిసెల, తక్కువ తిండి తినుకుంట మందు మింగినోళ్ళకు కూడా దాదాపు అంతే మంచిగ తగ్గింది. లోకం మొత్తం క్షయ వైద్యం తీరు ఆ ఫలితంతోని మారింది. మంచం కన్న మందు ముఖ్యం, మందు కన్న అది ఆగకుండ అందుడు ముఖ్యం అని తేలింది. అంటే మద్రాసు పేదోళ్ళ పానాలు లోకానికి చెప్పిన పాఠం నిండు పూట పాఠమే.

మా బాపు రైసు మిల్లుల హమాలీ. సుల్తానాబాద్ దిక్కు మిల్లులు మస్తుగున్నయి. వడ్ల బస్తాలు దించుడు, బియ్యం బస్తాలు ఎక్కిచ్చుడు, ఊక దుమ్ముల నిలబడుడు. 2005 చలికాలంల దగ్గు మొదలైంది. మిల్లు దుమ్ము దగ్గే అనుకున్నరు అందరు. మొదలు చూసింది మా వాడకు సైకిల్ మోటరు మీద వచ్చే ఆర్‌ఎంపీ. ఆయనను తిట్టుడు అలక. ఒక్క మాట మాత్రం చెప్పాలె, రాత్రి పదింటికి పిలిచినా వచ్చేటోడు ఆయనొక్కడే. చదువు సగం, టైము నిండు. దగ్గు మందు సీసాలు, సూదులతోని నాలుగు నెలలు గడిచినయి. ఇగ ఒక పెద్ద సర్కారు దవఖానకు తీసుకపోయినం. ఛాతీ రోగాల డాక్టరు వారానికి రెండు దినాలు, పొద్దటి పూట మాత్రమే అక్కడ కూసునేటోడు. మూడు వారాలు పోయినం. ఒకసారి లైన్ల మా వంతు రాకముందే లేచిండు. ఇంకోసారి సెలవు. మూడోసారి చూసిండు. చూసిండంటే బాపు దిక్కు కాదు, చిట్టి దిక్కు. “మాపటీలి క్లినిక్కుకు రా, ఎక్సరే తీసి మంచిగ చూస్త” అన్నడు. అవ్వ పుస్తెల గుండ్లు కుదువపెట్టింది. మిల్లుల బాపు అడ్వాన్సు తెచ్చిండు. క్లినిక్కుల బల్ల మీద పండబెట్టి, చెయ్యి వేసి, వీపు మీద తట్టి చూసిండు అదే డాక్టరు. బయటికి వచ్చినంక బాపు అన్న మాట నాకు యాదున్నది. “పైసలిస్తే ముట్టుకున్నడురా” అన్నడు. కాఠియావాడ్ పంతులు కట్టిన రెండు రూపాయలకు ఆ ముట్టుడు కూడా రాలేదు. డెబ్బై ఏడు ఏండ్లల్ల మేము సాధించిన తరక్కీ అది.

ఆ క్లినిక్కు మందులు ఒక నెలకే పైసలను తినేసినయి. మధ్యల ఆపుతే క్షయ ఎంత పగబడ్తదో మాకెవలూ చెప్పలేదు. పైసలు ఒడిసినంక మాకు దారి చూపింది డాక్టరు కాదు. మా వాడ అంగన్‌వాడి టీచరమ్మ. “తెమడ పరీక్ష ఫ్రీ అన్నా, గోలీలు ఫ్రీ, ఇంటి దగ్గెర నేనే ఇస్త” అన్నది. 2006 నాటికి డాట్స్ పద్ధతి దేశమంతటా వచ్చింది. మూడు సార్లు తెమడ ఇచ్చినం. ల్యాబు మనిషి సూక్ష్మదర్శినిల క్రిమిని చూసిండు. మోటరు సైకిల్ మీద టీబీ సూపర్‌వైజర్ మా ఇల్లు వెతుక్కుంట వచ్చిండు, క్లినిక్కుల మింగిన గోలీల లెక్క రాసుకున్నడు. డబ్బా ఒకటి వచ్చింది. దాని మీద బాపు పేరు, ఇంటి పేరు, నంబరు రాసి ఉన్నయి. ఆ డబ్బా గోలీలు ఇంకెవలకూ ఇయ్యరు. సర్కారు తన పేరు మీద ఒక వస్తువు పక్కకు పెట్టుడు మా బాపు జన్మల అదే మొదటిసారి. డబ్బా మీద తన పేరు చదివిచ్చుకొని మళ్ళ చదువుమన్నడు.

వారానికి మూడు దినాలు పొద్దుగాల టీచరమ్మ ముందట గోలీలు మింగిండు. “అన్నా, నా ముందట్నే మింగు, నోరు తెరువు” అనేది ఆమె, చంటి పిల్లగానికి చెప్పినట్టు. కడుపుల తిప్పినా, ఉచ్చ ఎర్రగ వచ్చినా వదలలేదు. తెమడల క్రిమి పోయింది. బాపు బతికిండు. ఊపిరితిత్తి మాత్రం పాతది రాలేదు. బస్తా ఎత్తలేకపోయిండు. మిల్లు అడ్వాన్సు అవ్వ నాట్లకు, కలుపులకు పోయి తీర్చింది. ఎస్సీ హాస్టల్ల అన్నం, స్కాలర్‌షిప్పు లేకపోతే నా చదువు ఆ ఏడే ఆగిపోతుండె. నాలుగు నెలల ముందు ఎవలన్న తెమడ పరీక్ష చేసి ఉంటే బాపు ఊపిరి ఇంకింత మిగిలేది. ఆ నాలుగు నెలలే సగం పూట దవఖాన మా ఇంటికి వేసిన ఖరీదు.

ఇక్కడొక సంగతి విద్యార్థి మిత్రులు గమనించాలె. అంటురోగాల దవఖానల డాక్టరు సగం పూట ఉండొచ్చు. నిండు పూట ఉండేటోళ్ళు ఎవలు? వార్డు ఊడిసేటోళ్ళు, నెత్తురు బట్టలు ఎత్తేటోళ్ళు, తెమడ డబ్బీలు పారపోసేటోళ్ళు, పీనుగును బండి మీదికి ఎక్కిచ్చేటోళ్ళు. వాళ్ళ కులం చూడుండ్రి. మా మేనత్త ఒక సర్కారు దవఖానల సఫాయి పని చేస్తది. సర్కారు నౌకరి కాదు, ఔట్‌సోర్సింగ్. జీతం కాంట్రాక్టరు చేతులకెంచి వస్తది, ఎప్పుడొస్తదో వాడే చెప్పాలె. 2020 మార్చిల మన కరీంనగర్‌ల కరోనా కేసులు బయటపడి గల్లీలకు గల్లీలు బంద్ చేసినప్పుడు నేను ఇంట్ల ఉన్న, మా మేనత్త దవఖానల ఉన్నది. చప్పట్లు కొట్టుమంటే దేశమంత కొట్టింది. మేనత్తకు ఆ దినాలల్ల ఇంటి ఓనరు “కొన్ని దినాలు రాకు” అని చెప్పిండు. ఆమె ఎక్కడ పండుకోవాల్నో ఆ చప్పట్లల్ల ఎవలూ చెప్పలేదు. మా తాత చిన్నాయన గత్తర పీనుగులను మోసిండు, మా మేనత్త కరోనా వార్డు కడిగింది. నడుమ ఎనభై ఏండ్లు. పని మారలేదు, కూలి ఇచ్చే తీరు మారింది. అప్పుడు జొన్నలు, ఇప్పుడు కాంట్రాక్టరు చీటీ.

క్షయ ఇప్పటికీ పోలేదు. 2017 నుంచి రోజూ మింగే గోలీలు వచ్చినయి. 2018 నుంచి రోగికి తిండి కోసం నెలకు అయిదు వందలు ఇచ్చిండ్రు, 2024 నవంబరు నుంచి వెయ్యి చేసిండ్రు. మంచిదే. ఇల్లిల్లు తిరిగి దగ్గున్నోళ్ళను పట్టుకొచ్చేది ఆశా అక్కలు. ఆశాలను సర్కారు వర్కర్ అనదు, వాలంటీర్ అంటది. పనిని బట్టి పైసలు ఇస్తది. ఇట్ల సూస్తే మొత్తం లెక్క తలకిందులుగ ఉన్నది. నిండు జీతం ఉన్నోడు సగం పూట, సగం జీతం ఉన్నోళ్ళు నిండు పూట.

మన పిల్లలు కూడా ఇప్పుడు రిజర్వేషన్ల మీద ఎంబీబీఎస్ చదువుతున్నరు. వాళ్ళ సీటు మీద ఏడ్చే మెరిట్ వీరులకు నేనొకటి చెప్త. మా బాపు ముందు చిట్టి దిక్కు చూసిన డాక్టరుకు మెరిట్ తక్కువ లేకుండె. చదువుతున్న మన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు కూడా ఒక మాట చెప్పాలె. అంటురోగాల చదువుల పైసలు తక్కువ, పేరు తక్కువ. గుండె డాక్టరు, ఎముకల డాక్టరు అయితే అద్దాల మేడ. అంటురోగాల డాక్టరు అయితే తెమడ, విరేచనం, జరం, వాడ. అయినా మనోళ్ళు కొందరన్న ఆ చదువుకు పోవాలె. మన వాడల దగ్గు ఎట్లుంటదో పుస్తకం చదవక ముందే విన్న చెవులు వాళ్ళయి.

ఉద్యమాలల్ల పని చేసే మిత్రులారా, మనం భూమి అడిగినం, బడి అడిగినం, బావి అడిగినం, గుడి అడిగినం, వాటా అడిగినం. దవఖానల వాటా అంటే సీట్లు, నౌకర్లు అని మాత్రమే లెక్క వేసినం. దవఖాన టైముల కూడా మనకు వాటా ఉన్నది. ప్రతి మండల దవఖానల అంటురోగాలకు నిండు పూట డాక్టరు కావాలె, మాపటి పూట కూడా ఓపీ ఉండాలె. తెమడ పరీక్ష మిల్లు గేటు దగ్గర, బీడీల కంపెనీ దగ్గర, ఇటుక బట్టీల దగ్గర జరగాలె. సఫాయి కార్మికులను పర్మినెంటు చెయ్యాలె, ఆశాలకు జీతం ఇయ్యాలె. ఇవి అడిగేటప్పుడు మన దగ్గర కాయితాలు ఉండాలె. డాక్టరు ఏ దినం వచ్చిండు, ఎన్నింటికి పోయిండు, ఎంతమంది రోగులు లైన్ల నుంచి ఎనుకకు మర్లిండ్రు అని మన పిల్లలే రాసిపెట్టాలె. చదువు వచ్చిన తరం మనది. మా తాతకు సంతకం రాదు, అందుకే గత్తర సాలు లెక్క ఏ కాయితం మీదికీ ఎక్కలేదు. మనకు ఆ సాకు లేదు. ఈ వానాకాలం జరాల నుంచే నోటు బుక్కు తెరువుండ్రి.